బాపు మమ్మల్ని ఏటి గట్టుకు పంపిన రోజు

మా అన్న రాజేశం దినవారాలు అయిపోయిన సాయంత్రం, ఆయన మనవరాలు నన్ను స్కూటీ వెనుక కూర్చోబెట్టుకుని కరకట్ట మీదికి తీసుకుపోయింది. "ఇంట్లనే ఉంటే గా ఫోటో దిక్కే చూసుకుంట ఏడుస్తవ్ అమ్మమ్మా, నడువు, జర గాలి తాకుతది" అంది. సిరిసిల్లలో పుట్టి పెరిగిన నాకు ఆ చోటు ఆనవాలు దొరకలేదు. దిగువన ఎక్కడో కట్టిన ఆనకట్ట నీళ్ళు వెనక్కి తన్ని ఊరి దాకా వచ్చాయట. గట్టు మీద సిమెంటు బాట, దీపస్తంభాలు, కూర్చోవడానికి బల్లలు. పిల్లలు రంగురంగుల సైకిళ్ళ మీద గంటలు కొట్టుకుంటూ తిరుగుతున్నారు. మా చిన్నతనంలో ఏ వానాకాలంలోనూ మా మానేరు ఏట్లో అన్ని నీళ్ళు చూడలేదు. "మంచిగున్నదా అమ్మమ్మా?" అని అడిగింది పిల్ల. "మంచిగున్నది బిడ్డా" అన్నాను. దేవుడు కళ్ళ ముందు పెట్టినదానికి వంక పెట్టడం నాకు అలవాటు లేదు. కానీ ఆ నీళ్ళు పారడం లేదు. అవి ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూద్దామని చాలాసేపు ప్రయత్నించి, కళ్ళు నొప్పి పుట్టి మానుకున్నాను.

ఇదే గట్టు పొడవునా అన్నా నేనూ ఒక పగలంతా సైకిల్ మీద తిరిగిన రోజు ఒకటి ఉంది. అప్పుడు సిమెంటు లేదు, మట్టిబాట. ఆ రోజు సంగతి తెలిసిన బాపు పోయాడు, అవ్వ పోయింది, ఇప్పుడు అన్న కూడా పోయాడు. ఇక నేను ఒక్కదాన్నే. రాసి పెడదామనిపించింది.

మాది నేతగాళ్ళ గల్లీ. ఇంట్లో అందరికన్నా ముందు లేచేది గంజి వాసన. తెల్లవారకముందే అవ్వ పొయ్యి మీద జొన్నపిండి గంజి కాచేది. అది మాకు కాదు, దారానికి. మాకు కాచేది ఆ తర్వాత. రెండింటికీ తేడా ఉప్పు ఒక్కటే. "దారం మొదలు తాగుతది, ఎంగిలి మనకు పెడ్తది" అని అన్న నవ్వేవాడు. తడి నూలు వాసన, మగ్గానికి రాసిన ఆముదం వాసన, బాపు ధోతికి అంటిన ఎండిన గంజి వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. బాపు స్నానం చేసి, నొసట విభూతి పెట్టుకుని, మగ్గాన్ని రెండు చేతులా తాకి కళ్ళకద్దుకుని, "రాజన్నా, నీ దయ" అని మా ఇలవేల్పుకు మొక్కి గుంటలోకి కాళ్ళు దించేవాడు. నేల మీద కూర్చుని, కాళ్ళు గుంటలో పెట్టి తొక్కే మగ్గాలు అవి. అవ్వ మాకు నేర్పిన మొదటి సంగతి కృతజ్ఞత. "చెంబెడు నీళ్ళు దొరికినా దండం పెట్టాలె బిడ్డా. ఎవలకు పెట్టాలెనో తెల్వకున్నా సరే, పెట్టాలె" అనేది. ఇన్నేళ్ళు వచ్చినా నేను మంచినీళ్ళు తాగే ముందు ఒక్క క్షణం ఆగుతాను. మా కోరుట్ల ఇంట్లో మా అత్తగారు మొదట్లో ఇది చూసి, నీళ్ళలో ఏదో పడిందనుకునేది.

ముందరి అర్రలో రెండు మగ్గాలు ఉండేవి. ఒకటి బాపుది. రెండోది తాతది. తాత పోయినప్పటి నుంచి దాని మీద ఎవరూ కూర్చోలేదు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. మగ్గం మీద పొడుగ్గా పరిచే దారాలను పడుగు అంటాం. పడుగు మొత్తం నేసి అయ్యాక గుడ్డను కోసి తీసేస్తాం గానీ, మగ్గంలో ఇరుక్కుని ఉన్న పోగుల కొసలను జానెడు పొడవున అట్లాగే వదిలేస్తాం. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు అతుకుతాం. వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి ఒక్క మెలి తిప్పితే ముడి లేకుండా పట్టుకుంటాయి. కొసలు ఉన్నంత కాలం మగ్గం బతికి ఉన్నట్టు. కొసలు కోస్తే ఆ మగ్గాన్ని ఎత్తేసినట్టే. తాత మగ్గానికి తాత ఆఖరి పడుగు కొసలు అట్లాగే వేలాడుతుండేవి. దుమ్ము పడకుండా అవ్వ వాటి మీద ఆయనదే ఒక పాత ధోతి కప్పింది.

బాపు ఆ కొసల మీద ఒక మాట పెట్టుకున్నాడు. అన్న మెట్రిక్ పాసైన రోజున తన చేత్తోనే కత్తెర పట్టి వాటిని కోస్తానని, గుంట పూడుస్తానని. ఈ మాట ఇంట్లో చెప్పి ఊరుకోలేదు. గడ్డం గీసే అతనికి చెప్పాడు, నూనె అమ్మేవాడికి చెప్పాడు, అడగనివాళ్ళకు కూడా చెప్పాడు. "మావోడు గుంటల కాళ్ళు పెట్టడు. కుర్సీ కింద పెడ్తడు. గీడ్నే, మా నాయిన గుంట మీద్నే ఏస్త ఆ కుర్సీ" అనేవాడు. మా వంశంలో ఆరో తరగతి దాటినవాళ్ళు అప్పటిదాకా లేరు. అన్న ఆ ఏడు మెట్రిక్‌లో ఉన్నాడు. లెక్కల్లో బడికంతటికీ ముందుండేవాడు.

నన్ను బడికి పంపలేదు. మగ్గం మీద అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేది నేను. నేను బడికి పోతే బాపు మగ్గం ఆగుతుంది. ఇందులో నాకు కోపం ఏమీ లేదు, అప్పుడూ లేదు. ఎందుకంటే బడి ఎట్లాగూ సాయంత్రానికి మా ఇంటికే వచ్చేది. అన్న సంచి పడేసి, పోగులు అతికేటప్పుడు వాడే బూడిద పళ్ళెం తెచ్చి నా రాట్నం పక్కన పెట్టేవాడు. అందులో వేలితో అక్షరం రాసి, "ఏందిది?" అనేవాడు. నేను చెప్పగానే పళ్ళేన్ని ఒక్కసారి కుదిపితే అక్షరం మాయమై, కొత్తదానికి చోటు వచ్చేది. పలక కొనాల్సిన పని లేకుండా నేను చదువుకున్నాను. ఆ పళ్ళెంలోనే గుణింతాలు, ఎక్కాలు, తర్వాత పేరాలు. ఈ వాక్యాన్ని నేను రాయగలుగుతున్నానంటే ఆ బూడిద పుణ్యం, మా అన్న వేలి పుణ్యం.

అప్పుడు వచ్చింది ఉద్యమం. తెలంగాణ వేరే కావాలని ఊరూరా పిల్లలు బడులు వదిలి రోడ్డు మీదికి వచ్చారు. హైదరాబాదులో కాల్పులు జరిగాయని, పిల్లలు చనిపోయారని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. మా ఊళ్ళోనూ బడికి తాళం పడింది. అన్న పొద్దున జులూస్‌కు పోయి, మధ్యాహ్నం గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చేవాడు. ఆ బొంగురు గొంతుతోనే నాకు పాఠం చెప్పేవాడు. సాయంత్రం ఒక్క గంట ఉండే నా బడి, ఆ ఏడు పగలంతా నడిచింది. ఊరి పిల్లలందరి చదువూ ఆగిపోయిన కాలంలో నా చదువు గబగబా సాగింది. ఇప్పటికీ ఈ లెక్క నాకు సరిగ్గా కుదరదు.

పిల్లల చదువులతో పాటు నూలు కూడా ఆగింది. బందుల వల్ల లారీలు రాక సావుకార్ల దగ్గర నూలు లేదు. గల్లీలో మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగుతూ వచ్చి, ఒక రోజు మా ఇంట్లో కూడా ఆగింది. పొద్దున మా గంజి ఒక్కటే కాగడం మొదలైంది. తర్వాత తర్వాత ఆ ఒక్కటీ పలచబడింది. అవ్వ తాను తినేటప్పుడు మాకు వీపు తిప్పి కూర్చునేది, ఎంత తింటుందో మాకు కనబడకుండా. దసరా దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం బాపు సావుకారి దగ్గరి నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని చెప్పాడు. కొంచెం నూలు వచ్చిందట. రెండు మగ్గాలు నడిపే ఇంటికే ఇస్తాడట. ఒంటి మగ్గం వాళ్ళు ఆగాలట.

"రెండోది ఎప్పుడు ఎక్కిస్తవని అడిగిండు" అన్నాడు బాపు.

"నా మెట్రిక్ అయినంక అడుగుమను, గుంటల మట్టి పోయనీకె తనను గూడ పిలుస్తం" అన్నాడు అన్న.

బాపు నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. ఆ మాట అంతటితో అయిపోయిందనుకుని అన్న చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే బాపు గల్లీ చివర నుంచి సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. సైకిల్ షాపు ఇమాం భాయి దగ్గర కిరాయికి తెచ్చాడు. గంట పని చేస్తుంది, బ్రేకు ఒకటే పని చేస్తుంది. మా ఇంట్లో కిరాయి సైకిల్ అంటే ఎవరికన్నా పానం మీదికి వచ్చినప్పుడే.

"చెల్లెను ఏరు పొంటి తిప్పుకరాపో" అన్నాడు అన్నతో. "పాపం, ఏనాడన్న గల్లీ దాటిందా అది. పొద్దుగూకెదాంక రాకుండ్రి. ఎండ సల్లవడ్డంకనే మల్లుండ్రి."

అన్న సైకిల్ చుట్టూ తిరిగి చూసి, "బాపూ, నీకు పానం మంచిగనే ఉన్నదా?" అన్నాడు.

"మగ్గం ఆగినప్పుడే గదరా తిరగాలె. నడిచెటప్పుడు ఎవడు తిరుగనిస్తడు?"

అవ్వ రొట్టెలు మూట కట్టి ఇచ్చింది. ఎల్లిపాయ కారం, రెండు ఉడకబెట్టిన గుడ్లు. గుడ్లు ఎక్కడివని అడగబోతే కొంగుతో నా ముఖం తుడిచి, "పో, పో, ఎండయితది" అంది. పక్కింటి కనకవ్వ అప్పుడే మా గడపలోకి వస్తూ, నేను వెనుక సీటు మీదికి ఎక్కడం చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓసినీ, ఆడపోరి సైకిల్ మీద ఊరేగుతున్నదా? ఇగ బతుకమ్మను గూడ సైకిల్ మీదనే తోల్కపోతరా ఏంది?" అవ్వ మాత్రం నవ్వలేదు. "ఇయ్యాల ఒక్కనాడు పోనియ్యి వదినె" అంది. కనకవ్వ ముఖం కూడా మారిపోయి, "అయితే పోనియ్యి, పోనియ్యి" అంటూ మా ఇంట్లోకే నడిచి కూర్చుంది. సైకిల్ కదిలింది.

ఆ రోజు ఎట్లా ఉందో చెప్పడానికి నాకు చేతనైన మాటలు తక్కువ. బస్సులు లేవు, లారీలు లేవు, రోడ్డంతా మాదే. గోడల మీద సున్నంతో రాసిన నినాదాలు నేను పైకి చదువుతుంటే అన్న తొక్కుతూ అక్షరాలు సరిచేశాడు. "ఒత్తు మర్సిపోయిండు వాడు, నువ్వు మర్సిపోకు" అన్నాడు. ఊరి చివర రేవు దగ్గర అద్దకం వాళ్ళు రంగేసిన నూలు జాడిస్తున్నారు. నీళ్ళలో ఒక ఎర్ర చార, ఒక నీలం చార పక్కపక్కనే సాగి, కొంత దూరం పోయాక కలిసిపోయి కనబడకుండా పోతున్నాయి. అక్కడి నుంచి మేము ఎగువకు, గట్టు బాట పట్టాం. బాట చదునుగా ఉంది, ఎక్కుడు లేదు, దిగుడు లేదు. ఒక పక్క మోకాలెత్తు గునుగు పూలు, ఇంకో పక్క ఇసుక, ఇసుక నడుమ రెండు మూడు పాయలుగా చీలి పారే నీళ్ళు. కొంగలు ఒంటికాలి మీద నిలబడి, మేము దగ్గరికి వచ్చేదాకా కదలకుండా ఉండి, ఇక చాలు అన్నట్టు లేచేవి. నా జడ గాలికి ఎగిరి నా నోట్లోనే పడుతోంది. నాకు ఏడుపు వచ్చింది. సంతోషానికి కూడా ఏడుపు వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని దండం పెట్టబోతే, "చేతులు ఇడువకు, పడ్తవ్. మనసుల పెట్టుకో" అని అన్న ముందు నుంచే అరిచాడు. వెనక్కి చూడకుండా ఎట్లా తెలిసిందో!

తొక్కుతూ తొక్కుతూ అన్న తన పరీక్ష సంగతులే చెప్పాడు. తెలంగాణ రావడం ఈ చలికాలం దాటదట. వచ్చిన మర్నాడే బడి తెరుస్తారట. పరీక్ష ఆలస్యంగానైనా పెడతారట. పాసై కరీంనగర్‌లో కాలేజీలో చేరతాడట. తర్వాత లెక్కల సారు అవుతాడట. "అప్పుడు నీకు గిట్ల బూడిదల గాదు, నల్లబల్ల మీద చెప్త" అన్నాడు. "అప్పటికి నేను ముసల్దాన్నైత" అన్నాను. "ముసల్దానివైతే ముందు బెంచీ మీద కూసోవెడ్త, చెవులు ఇనరావు గద" అన్నాడు.

గట్టు వంపు తిరిగిన చోట అన్నకు లెక్కలు చెప్పే సారు కనిపించాడు. ఆయనది ఏటి ఒడ్డు ఊరే. జీతం ఆగిపోయి, ధోతి పైకి దోపుకుని బర్రెను కడుగుతున్నాడు. అన్న సైకిల్ దిగి, చెప్పులు కూడా విడిచి నమస్తే పెట్టాడు.

"ఏంరా రాజేశం, నాకు నమస్తేనా, నా బర్రెకా?" అన్నాడు సారు.

"ఇద్దరికీ సార్. బడి ఎప్పుడు తెరుస్తరు సార్?"

సారు బర్రె వీపు మీద అరచేత్తో నీళ్ళు కొట్టాడు. "పై నుంచి ఏం కాయిదం రాలే. ఈ ఏడు పరీక్షలు ఉంటయని నేననుకుంటలేను రా. ఏడాది పోయింది లెక్కనే. పోతే పోయింది, నువ్వు లెక్కలు మాత్రం ఇడువకు. నీ తెలివికి ఏడాదంటే ఎంతసేపు? మల్ల ఏటికి నువ్వే మొదలుంటవ్."

"అంతే గద సార్, ఒక్క ఏడే గద" అన్నాడు అన్న. మళ్ళీ సైకిల్ ఎక్కాక కూడా ఆ మాటే రెండు మూడు సార్లు అనుకున్నాడు. ఒక్క ఏడే గద. సారు ముఖంలో ఆశ లేదని నాకు తెలుస్తూనే ఉంది. కానీ అన్న తొక్కుడులో వేగం పెరిగింది. బహుశా ఏడాదిని అట్లా తొక్కి దాటిపోవచ్చనుకున్నాడేమో.

ఇసుకలో కూర్చుని రొట్టెలు తిన్నాం. చెలిమె తీసి నీళ్ళు తాగాం. గుడ్లు రెండూ నన్నే తినమన్నాడు. నేను ఒప్పుకోలేదు. తర్వాత నాకు సైకిల్ నేర్పాడు. నా కాళ్ళు అందవు కాబట్టి కడ్డీ కింద నుంచి ఒక కాలు దూర్చి, పక్కకు వంగి తొక్కే కైంచీ పద్ధతి. రెండు సార్లు పడ్డాను. మూడోసారి అన్న వెనుక పట్టుకుని పరుగెత్తాడు, ఎక్కడ వదిలాడో తెలియదు, నేను ఒంటరిగా పోతూనే ఉన్నాను. "తిరుగు, తిరుగు, ఏట్లకు పోతున్నవ్!" అని వెనుక నుంచి అరుపు వినిపించాకే పోతున్నానని తెలిసింది. నేను సైకిల్ తొక్కింది నా జన్మలో ఆ ఒక్క మధ్యాహ్నమే.

బాపు చెప్పినట్టే ఎండ చల్లబడ్డాకే తిరిగి వచ్చాం. గల్లీ మొదట్లోనే ఎదురొచ్చిన ఇమాం భాయి, సైకిల్ తీసుకుంటూ అన్న భుజం తట్టి పోయాడు. ఇంటి ముందు ఆడవాళ్ళ చెప్పులు చాలా ఉన్నాయి. లోపల కనకవ్వ, ఇంకా నలుగురు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని, వంగి వంగి నొప్పి పుట్టిన మెడలు పట్టుకుంటున్నారు. వాళ్ళ వేళ్ళు తెల్లగా ఉన్నాయి. నా బూడిద పళ్ళెం వాళ్ళ మధ్యలో ఉంది, దాదాపు ఖాళీ అయింది. అవ్వ కళ్ళ కింద కూడా బూడిద అంటి ఉంది. తాత మగ్గం మీది ధోతి లేదు. పాత మురికి కొసల నుంచి కొత్త పడుగు తెల్లగా, గోడ దాకా సాగి ఉంది. ఒక్క పగటి పూటలో అంత పడుగు అతకాలంటే ఎన్ని చేతులు కావాలో మాకు తెలుసు. పొద్దున్నే మమ్మల్ని ఎందుకు పంపారో కూడా అప్పుడు తెలిసింది.

అన్న గడపలోనే నిలబడిపోయాడు. బాపు గోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. మా ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. మగ్గం మీద ఎవరు కూర్చోబోతారో వాళ్ళే తమ పోగు ఒకటి తాము అతుక్కోవాలి. పడుగు అంచున, కుడి పక్కన, ఒక్క పోగు అతకకుండా వేలాడుతోంది. దాని కింద దాని పాత కొస, ఎదురుచూస్తున్నట్టు. బాపు ఆ ఒక్కటీ వదిలిపెట్టాడు.

"ఇష్టం లేకుంటే ఇడిశిపెట్టు కొడుకా" అన్నాడు, గోడ వైపే చూస్తూ. "మొత్తం తెంపేస్త. నూలు తీస్కపోయి ఆ సావుకారి మొఖాన కొట్టొస్త. నీ మీద నాకు కోపం రాదు."

అన్న అవ్వ వైపు చూశాడు. పొద్దున మాకు గుడ్లు కట్టిచ్చిన ఆ మనిషి ఆ రోజు ఏమి తిన్నదో ఎవరికి తెలుసు! ఆమె పెదవులు ఎండి తెల్లబడ్డాయి. అన్న చేతులు కడుక్కుని వచ్చాడు. వంగి, పళ్ళెంలో మిగిలిన కొంచెం బూడిదలో రెండు వేళ్ళు ముంచాడు. నాకు అక్షరాలు రాసిన వేళ్ళు అవి. రెండు కొసలూ కలిపి ఒక్కసారి మెలి తిప్పాడు. లాగి చూశాడు. పట్టుకుంది.

"ఒక్క ఏడే గద బాపూ" అన్నాడు.

బాపు ఏడ్చిన చప్పుడు నేను ఆ ఒక్కసారే విన్నాను. మర్నాడు కొబ్బరికాయ కొట్టి అన్న తాత గుంటలోకి కాళ్ళు దించాడు. పొడుగు మనిషి కాబట్టి మోకాళ్ళు తగిలాయి. బాపు గుంటను ఇంకొంచెం లోతు తవ్వాడు.

మరుసటి ఏడు బడి తెరిచారు. గంట మా ఇంటి దాకా వినిపించేది. మొదటి రోజు గంట మోగినప్పుడు అన్న నాడె విసిరే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రెండో రోజు కూడా ఆగింది. ఆ తర్వాత ఆగలేదు. తెలంగాణ రాలేదు. అన్న కొన్నేళ్ళు పని కోసం పొరుగు రాష్ట్రంలోని భీవండి పోయి మరమగ్గాలు నడిపాడు, తిరిగి వచ్చి ఇక్కడా అవే నడిపాడు. దగ్గు తెచ్చుకున్నాడు, చెవులు పోగొట్టుకున్నాడు. చూపు తగ్గి చదవడం మానుకున్నాడు. నేను కోరుట్ల కోడలినై పోయాను. మా ఆయన మంచివారు, కిరాణా కొట్లో పొట్లాలకు వచ్చిన పాత పత్రికలన్నీ నాకే ఇచ్చేవారు. వాటిని చదివి చదివి నేనే రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు జగిత్యాలలో బిడ్డ దగ్గర ఉన్నాను. పూట పూటకూ రాజన్నకు దండం పెట్టుకుంటాను. తిండికి, కంటిచూపుకు, ఈ కలానికి. అన్నిటికీ దండం పెట్టడం తెలిసిన నాకు ఆ రోజుకు మాత్రం ఎట్లా పెట్టాలో తెలియదు. ఆ ఏటి గట్టు మధ్యాహ్నం కన్నా మంచి రోజు నాకు మళ్ళీ రాలేదు. దాన్ని ఎవరి నుంచి ఏమి తీసుకుని నాకు ఇచ్చారో తెలిసి, మంచి రోజు ఇచ్చినందుకు దండం అని ఎట్లా అంటాను? కొండగట్టు గుడిలో అంజన్న ముందు నిలబడి కూడా ఆ ఒక్క మాట దగ్గర నా నోరు ఆగిపోతుంది. ఇప్పటి పిల్లలకు బడి ఉంది, పుస్తకాలున్నాయి, కరకట్ట మీద సైకిళ్ళున్నాయి. మా గల్లీలో మాత్రం మరమగ్గాలు పాత ఇనుము ధరకు పోతున్నాయి. గుంటలన్నీ పూడ్చేశారు. బాపు కోరిన తీరుగా కాదు, ఎవరికీ అక్కర లేక పూడ్చేశారు.

రెండోసారి ఉద్యమం వచ్చినప్పుడు అన్న కొడుకులు రోడ్ల మీద కూర్చున్నారు, వంటావార్పులు చేశారు. ఈసారి తెలంగాణ వచ్చింది. ఆ రోజు నేను సిరిసిల్లలోనే ఉన్నాను. గల్లీ అంతా పటాకులు, రంగులు. పిల్లలు నా చేతిలో లడ్డు పెడితే అది తీసుకుని అన్న పనిచేసే షెడ్డులోకి పోయాను. అన్న ఒక్కడే మరమగ్గాల మధ్య నిలబడి తెగిన పోగు అతుకుతున్నాడు. ఆ రోదలో బయటి పటాకులు ఆయనకు వినబడలేదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

"అన్నా, తెలంగాణ అచ్చింది!"

ఆయన పోగు లాగి చూసుకున్నాడు. నా వైపు తిరిగాడు.

"అట్లనా" అన్నాడు. "ఇగ బడి తెరుస్తరు కావచ్చు."

పరాచికమేమో అని నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు. లడ్డు తుంచి సగం ఆయన నోట్లో పెట్టాను. నములుతూనే పక్క మగ్గం వైపు వంగాడు, అక్కడ ఇంకో పోగు తెగింది.